నిరుటి కాయ

లచ్చవ్వ మిరపకాయను ముందు చూడదు, వింటుంది. తొడిమె దగ్గర రెండు వేళ్ళతో పట్టుకొని, చెవి పక్కకు తెచ్చి ఒక్కసారి ఊపుతుంది. గింజలు గలగలమన్నాయా, అది ఈ యేటి ఎండకు ఎండిన కాయ. అనలేదా, అప్పుడు వెలుతురుకు పెట్టి చూస్తుంది, విరుస్తుంది, విరిచిన చోట ముక్కు పెడుతుంది. ఇదంతా అయ్యేసరికి ఎదుటి మనిషి సంచి మూతి కూడా పూర్తిగా విప్పి ఉండదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ముప్పై ఒక్క యేళ్ళు మిర్చి ఏరిన చేతులవి. కాయ వచ్చే నాలుగు నెలలూ, పొద్దున ఆరింటికి ఒకే ఆటోలో పదకొండు మంది ఆడవాళ్ళు కిక్కిరిసి వెళ్ళేవారు. ముఖాలకు తువ్వాలలు కట్టుకొని ఎదురెదురుగా కూర్చునేవారు. నడుమ కుప్ప. మంచి కాయ కుడి చేతి వైపు, రంగు పోయి తెల్లబడ్డ తాలు కాయ ఎడమ చేతి వైపు. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. కొబ్బరి నూనె రాసినా, మజ్జిగలో ముంచినా ఆ మంట తెల్లారేదాకా పోయేది కాదు. బిడ్డ పుట్టిన యేడు లచ్చవ్వ ఆ పసిదాన్ని అరచేతులతో ముట్టకుండా మోచేతుల మీద ఎత్తుకునేది. పాలు తాగుతూ పిల్ల వేలు పట్టుకోబోతే వేలు వెనక్కి లాక్కునేది. ఇప్పుడు ఆ కూతురికే ఇద్దరు పిల్లలు. వాళ్ళు వచ్చినప్పుడు లచ్చవ్వ రెండు చేతులతో వాళ్ళ చెంపలు నిమురుతూ కూర్చుంటుంది. వాళ్ళు విసుక్కున్నా వదలదు.

"మీకు పైసలిచ్చేది చేతులకు, నోటికి గాదు" అని ముఠా మేస్త్రి రోజుకోసారైనా అనేవాడు. లచ్చవ్వ ఆ మాట ఒకసారి పాటించింది. అది ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు.

ఒక యేడు ముఠా అంతా ఊరవతల ఒక వ్యాపారి గోదాముకు ఏరడానికి పోయింది. ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు కుప్ప లచ్చవ్వ ముందు పడింది. కుంకుమలాంటి కాయ. సాయంత్రం దాకా ఏరినా ఎడమ వైపు గుప్పెడు పడలేదు. వ్యాపారి వచ్చి, వంగనైనా వంగకుండా, "తాలు ఎక్కువున్నది" అని ధర విరిచేశాడు. ముసలాయన లచ్చవ్వ వైపు తిరిగాడు.

"బిడ్డా, నీ చేతులకెల్లే పోయింది గద. నువ్వు జెప్పు, తాలున్నదా?"

లచ్చవ్వ తువ్వాలను ముక్కు మీదికి లాక్కొని తల దించుకుంది. ఆయన మళ్ళీ అడగలేదు. బస్తా మీద కూర్చొని చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. వెలిగించుకోలేదు. ఆటో కదిలేదాకా అట్లాగే కూర్చున్నాడు.

మూడేళ్ళ కింద ఆమెకు దగ్గు పట్టుకుంది. మిర్చి కుప్పల దగ్గర కూర్చోవద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. భర్త పెద్దులు హమాలీ. నడుము విరిగి అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఉన్న కొద్దిపాటి పొలం రెండేళ్ళుగా పండలేదు. ఇద్దరూ కలిసి మోదుగాకులతో విస్తర్లు కుట్టడం మొదలుపెట్టారు. ఒకప్పుడు అదే ఆటోలో ఆమె ఒళ్ళో కూర్చొని వచ్చిన కట్టమ్మ ఒకరోజు ఇంటికొచ్చి, "అక్కా, ఆదివారం నాతోని రా. చెలిమె సంతల నేను ఆకుకూర పెడ్తాన్న. నీ విస్తర్లు చిటికెల పోతయ్" అంది.

చెలిమె అంటే ధర్మసాగర్ దాటాక ఉన్న ఎనిమిదెకరాల పొలం. తెలుగు సారుగా రిటైరైన సారంగపాణి, ఆయన దగ్గర చదువుకున్న కొందరు కలిసి ఒక సంస్థ పెట్టి దాన్ని నడుపుతున్నారు. వాగు ఇసుకలో మంచినీళ్ళ కోసం తోడుకునే గుంత పేరును పొలానికి సారే పెట్టాడు. ఉగాది దాటినప్పటి నుంచి మృగశిర దాకా ప్రతి ఆదివారం తెల్లవారుతూనే అక్కడ సంత జరుగుతుంది. ఎవరైనా రావచ్చు. కట్టుబాటు ఒక్కటే. ఎవరు పండించింది, ఎవరు చేసింది వాళ్ళే తెచ్చి అమ్మాలి. చెలిమె పొలంలో పండిన మిర్చికీ, కూరగాయలకూ ఒక స్టాల్ ఉంటుంది. ఎండ ముదిరాక, తొమ్మిదింటికి, తాటాకు పందిరి కింద ముచ్చట మొదలవుతుంది. ఒక వారం కుమ్మరి యాకయ్య మట్టి గురించి చెబుతాడు, ఒక వారం పశువుల డాక్టరు వస్తాడు. మడికొండ అపార్టుమెంట్ల నుంచి కార్లలో వచ్చినవాళ్ళు, ఊళ్ళోని బడిపిల్లలు ఒకే చాప మీద కూర్చొని వింటారు.

నిరుడు వేసవి మొదటి ఆదివారం, స్నేహలత అనే ఆమె విస్తర్లు కొంటూ చేతిలోని సంచిని లచ్చవ్వ ముందు పెట్టింది. మడికొండలో ఉంటుంది, కంప్యూటర్ ఉద్యోగం. సంచిలోంచి ఎర్రగా కనబడ్డ కాయను లచ్చవ్వ చెయ్యి దానంతటదే అందుకుంది. ఊపింది, విరిచింది.

"బిడ్డా, ఇది యాడ కొన్నవ్?"

"బజార్ల. ఎందుకవ్వా?"

"తూకం పెరగాలెనని నీళ్ళు జల్లిన్రు దీని మీద. దీన్ని ఆవకాయ తొక్కుల పోసినవనుకో, నెల తిరగక ముందే బూజు. మల్ల మామిడికాయది తప్పంటవ్."

పక్కన నిలబడ్డ సారంగపాణి విన్నాడు. మరుసటి ఆదివారం ముచ్చట లచ్చవ్వది అన్నాడు. ఆమె మైకు వద్దంది, కుర్చీ వద్దంది. "ఎవలింటి కాయ ఆళ్ళు తెచ్చుకోండ్రి. నేను జూసి జెప్త. నాకు లెక్చర్లు రావు."

ఆ రోజు నుంచి ఆమె ముందు వరుస కట్టారు. "ఇది తారు రోడ్డు మీద ఎండవోసిన కాయ, వాసన జూడు." "ఇది మీ అత్తమ్మ పంపిందా? అసలు కాయ. అత్తతోని లొల్లి వెట్టుకోకు." నవ్వులు. పిల్లలు కాయను చెవి దగ్గర ఊపడం నేర్చుకున్నారు. ముప్పై ఒక్క యేళ్ళు ఆమె చేతులను కొన్నవాళ్ళున్నారు గాని, ఆ ములుగు ముసలాయన తప్ప ఆమె మాట అడిగినవాళ్ళు లేరు. నలుగురి ముందు చెప్పమని మొదట అడిగింది సారంగపాణి సారు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మరవలేదు. అందుకే ఈ యేడు జరిగింది అంత కష్టంగా ఉంది.

మే నెల రెండో ఆదివారం స్నేహలత పందిరి కిందికి ఒక కాగితం సంచి తెచ్చింది. దాని మీద చెలిమె ముద్ర ఉంది. "పోయిన వారం మన స్టాల్‌లనే కొన్న అవ్వా. తొక్కుకు సరిపోతదా చూడు."

తొడిమెలు తీసేసిన కాయలు. కాయ వయసును తొడిమె పట్టిస్తుంది. లచ్చవ్వ ఒకటి తీసి ఊపింది. చప్పుడు లేదు. ఇంకొకటి ఊపింది. విరిచింది, అది విరగకుండా తోలులా వంగింది. గింజ గోధుమ రంగుకు తిరిగింది. వేళ్ళకు నూనె తగిలింది.

చాప చివర సారంగపాణి నిలబడి ఉన్నాడు.

"ఇది ఈడి కాయ గాదు బిడ్డా" అంది లచ్చవ్వ. "నిరుటిది. ఏసీల పెట్టి తీసిన్రు." శీతల గిడ్డంగిని అక్కడ అందరూ ఏసీ అనే అంటారు. చాప మీదివాళ్ళకు అర్థమైంది.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. సారంగపాణి గట్టిగా నవ్వాడు. "లచ్చవ్వకు కండ్లు జర మసకలొచ్చినట్టున్నయ్. కంటి క్యాంపు పెట్టియ్యాలె మనం." కొందరు నవ్వారు. స్నేహలత సంచి మూతి మడుచుకుంది. లచ్చవ్వ చేతిలోని కాయను ఎడమ వైపు పెట్టింది.

జనం వెళ్ళాక సారు ఆమెను పందిరి వెనక్కి పిలిచాడు.

"మన తోట సంగతి నీకెరికే గద లచ్చవ్వా. నల్ల తామర పురుగు తగిలి పూతంత రాలిపాయె. సంచెడు కాయ సుత చేతికి రాలే. మడికొండోళ్ళు రెండు నెలల సంది అడుగుతాన్రు. ఉత్త బల్ల ఎట్ల పెట్టాలె? నా పాత స్టూడెంటు ఒకడు మందు గొట్టని కాయ అని తెచ్చిచ్చిండు. మంచి కాయనే."

"మంచిదే గావచ్చు సారూ. నేను చెడ్డదన్ననా? నిరుటిదన్న. ఈడిది గాదన్న."

సారు పందిరి గుంజకు కట్టిన తాడు ముడిని విప్పి మళ్ళీ వేశాడు. "వచ్చే ఆదివారం హైదరాబాదు నుంచి నలుగురు పెద్దోళ్ళు వస్తాన్రు. ముచ్చటకు పక్కా హాలు కట్టిస్తరట. ఈ ఎండలకు పిల్లలు ఎట్ల కూసుంటాన్రో నువ్వు జూస్తనే ఉన్నవ్. ఆ రోజు నీకు శాలువ కప్పుదామనుకున్న. కప్పినంక ఒక్క మాట జెప్పు. పోయిన వారం నేనే పొరపాటు పడ్డ అను. గంతే."

ఈ మాటలు అంటున్నంతసేపూ ఆయన ముడి వైపే చూశాడు.

ఇంటికొచ్చి విస్తరాకుల కట్ట దించుతూ లచ్చవ్వ భర్తతో అంది. "నాకు శాలువ కప్పుతరట."

"గీ ఎండల్ల శాలువనా? సారుకు గిట్ల ఎండదెబ్బ తగిలిందానే?" అన్నాడు పెద్దులు.

నవ్వొచ్చినా నవ్వలేదు. మిగతాది చెప్పింది. పెద్దులు చేతిలోని పుల్లను ఆకులో గుచ్చి ఆగాడు.

"చెప్పరాదే ఒక్క మాట. నీ నోట్లె ముత్యాలేమన్న రాలిపోతయా? పిల్లలకు హాలు అయితదంటాండు గద."

"నా మాట మీద మడికొండోళ్ళు తొక్కు పెట్టుకుంటాన్రు. రేపు నేను తప్పు జెప్పిన అంటే, నిరుటి సంది నేను జెప్పిందంత తప్పే గాదా?"

"ఎవలు గుర్తువెట్టుకుంటరే గియన్ని?"

"నేను పెట్టుకుంట. ములుగు ముసలాయన యాదికున్నడా నీకు?"

పెద్దులు ఆ రోజు అదే గోదాములో బస్తాలు మోశాడు. చాలాసేపు ఆకులే కుట్టాడు. తర్వాత, "చుట్ట ఎలిగించుకోలే ఆయినె" అన్నాడు. ఆదివారం పొద్దున విస్తర్ల కట్టను తనే బిగించి, నడుము పట్టుకుంటూ ఆటో దాకా తెచ్చాడు.

ఆ రోజు చెలిమె గేటుకు మామిడాకులు కట్టారు. వచ్చిన నలుగురిలో నల్ల కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన ప్రతి బల్ల దగ్గరా ఆగి ఏదో ఒకటి అడుగుతున్నాడు. తొమ్మిదింటికి అందరూ పందిరి కింద చేరారు. సంస్థలో పనిచేసే వాసంతి అనే అమ్మాయి మైకు పట్టుకొని లచ్చవ్వ పేరు పిలిచింది. సారంగపాణి శాలువ విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. తెల్లటి శాలువ, ఎర్ర అంచు. చప్పట్లు కొట్టారు. వాసంతి మైకును ఆమె నోటి దగ్గరికి తెచ్చింది.

"ఇది నాకేనా సారూ? నేనేమన్న జేసుకోవచ్చా?" అంది లచ్చవ్వ.

"నీదే లచ్చవ్వా. నీ ఇష్టం."

లచ్చవ్వ శాలువ తీసింది. రెండు సార్లు దులిపి నేల మీద పరిచింది. నడుచుకుంటూ చెలిమె స్టాల్‌కు పోయి, బల్ల కింది మిర్చి సంచిని ఈడ్చుకొచ్చి దాని మీద గుమ్మరించింది. కాళ్ళు మడిచి కూర్చొని ముక్కుకు కొంగు కట్టుకుంది.

"పోయిన వారం నేను ఈ కాయ నిరుటిదన్న. ఇయ్యాల సుత నిరుటిదే అంటాన్న. సారు నన్ను పొరపాటు అనుమన్నడు. నేనన."

సారంగపాణి ముఖం తుడుచుకున్నాడు. నల్ల కళ్ళద్దాలాయన అద్దాలు పైకెత్తాడు. "అమ్మా, చూస్తే అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయ్ గదా. మాకెట్ల తెలియాలి?"

లచ్చవ్వ నోరు తెరిచేలోపే ఆకుకూరల బల్ల దగ్గర నుంచి కట్టమ్మ వచ్చింది. కొంగులో పట్టుకొచ్చిన ఎండు మిరపకాయలను అందరికీ చూపింది. "ఇవి మా పెరట్లయి. ఈ యేటియి. ఇరవై కాయలు, తొడిమె తీసే తెచ్చిన." వాటిని శాలువ మీది కుప్పలో వేసి రెండు చేతులా కలగలిపింది. పెద్దమనిషి కూడా వంగి ఒకసారి కలిపాడు.

"ఇగ ఏరుదాం పా అక్కా" అని కట్టమ్మ ఎదురుగా కూర్చుంది.

చింతచిగురు అమ్ముకునే ఆమె లేచి వచ్చింది. ఆమెదీ ఒకప్పుడు అదే ఆటో. ముగ్గురూ పాత లెక్కనే కూర్చున్నారు. మాటల్లేవు. కాయ చేతిలోకి వస్తుంది, చెవి పక్కన ఒక్క ఊపు, ఎడమకు. ఇంకోటి, ఎడమకు. ఎప్పుడో ఒకటి గలగలమంటుంది, కుడికి. పిల్లలు మోకాళ్ళ మీద దగ్గరికి జరిగారు. ఘాటుకు ముందు వరుస తుమ్మింది. లచ్చవ్వకు దగ్గు తెర వచ్చింది. కట్టమ్మ నీళ్ళ సీసా జరిపింది. ఒక గుక్క తాగి మళ్ళీ ఏరింది.

అయిపోయేసరికి ఎడమ వైపు మూడు కుప్పలు మోకాళ్ళ ఎత్తు లేచాయి. కుడి వైపు ఇంతే ఇంత. స్నేహలత వంగి కుడి వైపువి లెక్కపెట్టింది. పంతొమ్మిది.

"ఒకటి తక్కువొచ్చింది" అంది మెల్లగా. సారంగపాణి తల ఎత్తాడు.

కట్టమ్మ చుట్టూ చూసి పెద్దమనిషి దగ్గర ఆగింది. "పటేలా, జర నీ చెయ్యి ఇప్పు."

ఆయన కలిపేటప్పుడు తీసుకున్న కాయ ఇంకా పిడికిట్లోనే ఉంది. తెల్లబోయి చెయ్యి విప్పాడు. లచ్చవ్వ దాన్ని తీసుకొని ఆయన చెవి దగ్గరే ఊపింది. గింజలు గలగలమన్నాయి. ఎడమ కుప్పలోంచి ఒకటి తీసి ఇంకో చెవి దగ్గర ఊపింది. ఆయన తల వంచి విన్నాడు.

"ఇరవై" అన్నాడు.

పిల్లలు కేకలు పెట్టారు. సారంగపాణి ముందుకొచ్చాడు. మైకు తీసుకుంటాడని వాసంతి చెయ్యి చాచింది. ఆయన తీసుకోలేదు. లచ్చవ్వ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఎడమ కుప్పలోంచి ఒక కాయ తీసి తన చెవి దగ్గర ఊపాడు. నిరుటి నుంచి ఆమె పక్కనే నిలబడి పిల్లలకు చూపిస్తున్నాడు గాని, తను ఊపి వినడం అదే మొదటిసారి.

"ఏం జెయ్యమంటవ్?" అన్నాడు.

"నేనేం జెయ్యమంట సారూ. ఎవల పంట ఆళ్ళే తేవాలె అని బోర్డు పెట్టింది నువ్వే. పురుగు తగిలితే తగిలిందని రాయి. ఏసీల తెచ్చినమని రాయి. కొనుక్కునేటోళ్ళు కొనుక్కుంటరు. ఉత్త బల్లకు సిగ్గెందుకు? మా పొలంల రెండేండ్లు ఏం పండకపాయె, మేం బతకలేదా?"

"హాలు రాకుంటే?"

"రాకుంటే ఈ పందిరే ఉన్నది గద. ఇయ్యాల దీని కిందనే గద మీరందరు ఇన్నరు."

హాలు సంగతి పెద్దమనిషి ఆ రోజు ఎత్తలేదు. ఎవరూ అడగలేదు. వాసంతి నల్లబల్ల, సుద్దముక్క తెచ్చింది. సారంగపాణి లేచి, ముప్పై యేళ్ళు బళ్ళో రాసిన గుండ్రటి అక్షరాలతో రాశాడు. బల్లను చెలిమె స్టాల్‌కు ఆనించాడు.

లచ్చవ్వకు చదువు రాదు. శాలువను నాలుగు మూలలా పట్టి నిరుటి కాయను సంచిలోకి వంచి, బల్ల ముందుకొచ్చి నిలబడింది. "వాసంతీ, సదువు."

"ఈ యేడు పురుగు తగిలి మా మిరప పంట పోయింది. ఈ కాయ మా పొలంలోనిది కాదు. బయటి నుంచి తెచ్చింది."

"ఇంకేమున్నది?"

"గంతే అవ్వా."

లచ్చవ్వ సారు వైపు తిరిగింది. "నిరుటిది అన్న ముచ్చట ఏది?"

సారంగపాణి సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పాడు. "బయటిదని రాసిన గదా లచ్చవ్వా. సరిపోదా?"

"సరిపోదు. రాయి."

ఆయన వంగి ఇంకో వరుస రాశాడు. చోటు చాలక అక్షరాలు బల్ల అంచు దాకా పోయాయి. వాసంతి మొదటి నుంచి మళ్ళీ చదివింది, ఈసారి గట్టిగా, చింతచిగురు బల్ల దాకా వినబడేటట్టు. "నిరుటిది" అన్న మాట దగ్గర లచ్చవ్వ తల ఊపింది. శాలువ దులిపితే ఎర్రటి దుమ్ము లేచింది. మడిచి చంకలో పెట్టుకొని పందిరి కిందికి పోయి, తన చోట్లో కూర్చుంది.

"ఆఁ, ఎవలింటి కాయ తెచ్చిన్రో ఇటు పట్టుకరాండ్రి" అంది. "పొద్దెక్కుతాంది."